మొదటి ముద్ద నుంచి రెండు గంటలు

దూదికి స్పిరిట్ అద్దితే చాలు, ఆ చల్లటి వాసనకు రాహేలక్క గుర్తొస్తుంది. ఈ మధ్యాహ్నం షుగరు చూసుకోబోతూ వేలు తుడుచుకుంటుంటే మళ్లీ గుర్తొచ్చింది. కొత్తవాడలో మా ఎదురిల్లే ఆమెది. దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. పోయి మూడేళ్లయింది. నేను జంపఖానాలు నేసేవాణ్ణి. యాభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా నాకు అంకెలు తప్ప అక్షరం రాదు. సిగ్గేం లేదు, రాదంతే.

అప్పటికే నాకు షుగరొచ్చి ఆరేళ్లు. దారం రంగులు మసకగా కనబడుతుంటే కంటి దవాఖానకు పోయాను. కంటి లోపలి రక్తనాళాలు చెడుతున్నాయి, షుగరు ఇట్లాగే ఉంటే ఉన్న చూపు కూడా దక్కదన్నాడు డాక్టరు. నాకు నమ్మబుద్ధి కాలేదు. నా పరీక్ష కాగితాల్లో షుగరు ఎప్పుడూ బాగానే ఉండేది. ఉండకేం! పరీక్ష ముందు రోజు రాత్రి పస్తు. తిన్న తర్వాత చేసే పరీక్షకైతే ఒక్క ఇడ్లీ తిని పోయేవాణ్ణి. ఈ తెలివిని రాహేలక్కకు గొప్పగా చెప్పాను.

"ఇంట్ల గూడ దినాం ఒక్క ఇడ్లేనా తమ్మీ?"

"ఏడిదక్కా! గిన్నెడు బువ్వ తింట."

"గిన్నెడు తినేటోని రక్తం దాసిపెట్టి, ఇడ్లీ తిన్నోని రక్తం సూపిస్తివి. కన్ను నీదా, డాక్టరుదా?"

కోపమొచ్చి రెండు రోజులు ఆమె గడప తొక్కలేదు. మూడోరోజు ఆదివారం. షుగరు చూసే మిషను, ఒక నోటుబుక్కు పట్టుకొని ఆమే వచ్చింది. రోజూ తినేదే తినమంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి రెండు గంటలకు స్పిరిట్ దూదితో తుడిచి వేలు గుచ్చింది. రెండు వందల నలభై. ఏం తిన్నానో, ఎంతొచ్చిందో నన్నే రాయమంది.

"నాకు రాయొస్తదా అక్కా? నువ్వే రాయి."

"బువ్వ నువ్వు తిన్నవ్, నేనెందుకు రాస్త? పట్టు పెన్ను."

ఆమె పైన రాసి చూపిస్తే, కింద చూసి నేను రాసిన మొదటి మాట బువ్వ. వ కింది ఒత్తు పక్కింటిదాకా పోయింది. ఆమె కడుపు పట్టుకొని నవ్వింది.

గడియారం చూసే అలవాటు నాకు లేదు. తిని మగ్గం గుంటలో కూర్చుంటే, జానెడు నేసేసరికి ఆ రెండు గంటలూ అయ్యేవి. అప్పుడు కేకేస్తే అక్క మిషనుతో వచ్చేది. వారమంతా అంకె నూట డెబ్బై దగ్గరే ఉంది. డాక్టరు నాకు పెట్టిన హద్దు నూట ఎనభై దాటలేదు. మళ్లీ ఆదివారం రెండు వందల ముప్పై.

"ఏం కూర తిన్నవ్? నిజం జెప్పు."

"అదే బువ్వ, అదే పప్పు. ఒట్టు!"

"నీ ఒట్టు గట్టున వెట్టు. నీ ఇడ్లీ కత నాకు తెల్వదా?"

ఆ మాట నన్ను చాలా నొప్పించింది. ఈసారి నేను అబద్ధం చెప్పలేదు మరి. రోజూ ఆమె దగ్గర అక్షరాలు దిద్దుకుంటూ పట్టుదలతో రాశాను. నెల తిరిగాక, కూడబలుక్కుంటూ వెనక్కి చదివాను. తిండి మారలేదు. నాలుగు ఆదివారాలూ అంకె మాత్రం పైనే. ఆదివారం నేను మగ్గం ఎక్కను, తిని ఒరుగుతాను. పొద్దు తెలుసుకోవడానికి నేసిన ఆ జానెడే షుగరును దించుతోంది!

బుక్కు తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాను. కళ్లద్దాలు సర్దుకొని రెండుసార్లు చదివింది.

"తిన్నంక ఒళ్లు కదపాలని ఎందరికో జెప్పిన. నీ మగ్గం మాత్రం నాకు తట్టలే. నిన్ను అబద్ధాలోడంటి. తప్పయింది తమ్మీ."

అంతకుముందు నా దగ్గర ఎవరూ అట్లా తప్పు ఒప్పుకోలేదు. ఆ రోజే గిన్నెలో బువ్వ సగం చేసి కూర పెంచాను. షుగరు గోళీలు మింగడం మానలేదు. ఆదివారాలు తిన్నాక నడవడం మొదలుపెట్టాను.

ఇప్పుడు మగ్గం దిగిపోయాను, నడక ఉంది. పెళ్లి భోజనం తిన్ననాడు అంకె పెరిగితే పెరిగినట్టే రాస్తాను. పోయిన నెల కంటి దవాఖానలో చూపు పరీక్ష చేసే పిల్ల నా వాలకం చూసి, చదువు రానివాళ్లకు పెట్టే బొమ్మల పలక తీసింది. "అక్షరాలదే పెట్టు బిడ్డా" అన్నాను. పైనుంచి ఐదు వరుసలు చదివాను. ఆరోది కనబడలేదు. కనబడలేదనే చెప్పాను.