మసర్రత్ పెట్టిన ఖాళీ

మసర్రత్‌కు కోపం వస్తే అరవదు. అరిచేవాళ్ల కోపం టీ తాగేలోపు చల్లారుతుంది. ఈమెది లోపల కూర్చుని కాచుకునే కోపం.

శంషాబాద్‌లో విమానాశ్రయం రోడ్డు మీద కుర్మయ్య గోదాము ఉంది. ఒకప్పుడు ఆయన జొన్న వేసిన చేనే అది. ఇప్పుడు విమానమెక్కే పూలూ పండ్లూ అక్కడ దిగుతాయి. డిగ్రీలో కంప్యూటర్లు చదివిన మసర్రత్ ఆ గోదాము కంప్యూటర్లు చూసేది. సరుకు బాగున్నట్టు రుజువుగా, ఎక్కించేటప్పుడు తీసిన ఫోటోలు ఒక్కో వ్యాపారి పేరుతో ఒక్కో ఫోల్డర్‌లో ఉంటాయి. సీజను అయిపోతే ఆ పేరు పక్కన ‘పాత’ అని చేర్చడం అక్కడి అలవాటు. ‘నిర్మల’ అంటే ఈ సీజనుది, ‘నిర్మల పాత’ అంటే పారేయాల్సింది.

పారేయడానికి మసర్రత్ చిన్న షెల్ స్క్రిప్ట్, అంటే కంప్యూటర్ వరుసగా చేయాల్సిన పనుల పట్టీ, రాసింది. పేరు ఇస్తే ఆ ఫోల్డర్‌ను చెరిపేస్తుంది. పేరు మధ్యలో ఖాళీ కనిపిస్తే, ఆ పట్టీని చదివే షెల్ దాన్ని రెండు వేరే పేర్లనుకుంటుంది. అందుకే అదంతా ఒకే పేరని తెలిసేలా, పేరు వచ్చేచోట అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టింది. పై అధికారి అరుణ్‌కుమార్ ఒకరోజు స్క్రిప్ట్ తెరిచి, చూడ్డానికి చిందరవందరగా ఉందని వాటిని తీసేశాడు. ఆమెకు చెప్పనైనా చెప్పలేదు.

ఆ వారం ‘నిర్మల పాత’ను చెరపమంటే స్క్రిప్ట్ ‘నిర్మల’ను చెరిపింది. ఆపైన ‘పాత’ కోసం వెతికి, దొరక్క ఊరుకుంది. మామిడి పంపే నిర్మల ఈ సీజను ఫోటోలన్నీ పోయాయి. రెండో కాపీ తీసే అలవాటు అక్కడ లేదు.

"కొటేషన్లు అరుణ్‌కుమార్ సార్ తీసిండు బాపు," అంది మసర్రత్ కుర్మయ్యతో.

"నేను ముట్టుకోలేదండీ," అన్నాడు అరుణ్‌కుమార్, కళ్లార్పకుండా.

కుర్మయ్యకు స్క్రిప్టుల సంగతి తెలియదు. "నడిపిందెవరు బిడ్డా?"

"నేనే."

"ఇగ అయిపాయె."

ఇంకో మాట విననే లేదు. ఆమెను గేటు దగ్గర లారీలకు టోకెన్లిచ్చే పనికి తోశారు. ఆమె కుర్చీలో కవిత అనే కొత్తమ్మాయి కూర్చుంది. లారీ డ్రైవర్లు కూడా ‘ఫోటోలు పోగొట్టినామె’ అనడం మొదలుపెట్టారు. మసర్రత్‌కు ఒళ్లు మండిపోయింది. ఆ పేరు పెట్టించినవాణ్ని వదలకూడదనుకుంది.

కొటేషన్లు తిరిగి పెడితే నేరం ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని అరుణ్‌కుమార్ స్క్రిప్ట్‌ను అలాగే వదిలేసి, పేర్లలో ఖాళీ ఉంచొద్దని మాత్రం హుకుం జారీ చేశాడు. మసర్రత్‌కు అదే కావాలి. ప్రమోషన్ కోసం అతను నెలల తరబడి చేసిన పనంతా వ్యాపారుల ఫోల్డర్ల పక్కనే ‘అరుణ్’ అనే ఫోల్డర్‌లో ఉంది. లారీల ఫోటోల కోసం ఫోల్డర్లు చేసే వీలు గేటు కంప్యూటర్‌లో ఉంది. ఆమె ఖాళీ ఫోల్డర్ ఒకటి చేసి, ‘అరుణ్ పాత’ అని పేరు పెట్టి, ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయింది.

కవితకు ‘పాత’ అని కనిపించింది. మధ్యలో ఖాళీని పట్టించుకోకుండా స్క్రిప్ట్ నడిపింది. ‘అరుణ్’ పోయింది. అరుణ్‌కుమార్ కేక గేటుదాకా వినిపించింది. మసర్రత్‌కు కడుపు నిండిపోయింది. అంతలో కవిత ఏడుస్తూ దిగివచ్చింది.

"నడిపిందెవరని అడిగిండ్రు అక్కా. నేనే అన్న. రేపటి నుంచి రావద్దన్నరు."

అరుణ్‌కుమార్ మీద పగ రెట్టింపైంది. తన మీద తనకు అసహ్యం వేసింది. మసర్రత్ తిన్నగా కుర్మయ్య గదిలోకి వెళ్లింది. అరుణ్‌కుమార్ అక్కడే ఉన్నాడు. అక్కడి కంప్యూటర్లో ‘కుర్మయ్య’, ‘కుర్మయ్య పాత’ అని రెండు ఖాళీ ఫోల్డర్లు చేసి, పాతదాన్ని చెరపమని స్క్రిప్ట్‌కు చెప్పింది. పాతది కదల్లేదు.

"ఏందే, నేనే పోయిన్నా?" అన్నాడు కుర్మయ్య.

"నిర్మల ఫోటోలు గిట్లనే పోయినయ్ బాపు. స్క్రిప్టును ఆఖరుసారి మార్చిందెవరో ఈడ ఉన్నది, సూడు. ఆనాడు నువ్వు సూడలే. అరుణ్ సార్‌ది పోయేటట్టు చేసింది మాత్రం నేను. కవిత తప్పేం లేదు."

కుర్మయ్య కవితను పనిలో ఉండమని, మిగిలిన ఇద్దరినీ ఉద్యోగంలోంచి పంపించేశాడు.

గేటు బయట అరుణ్‌కుమార్ ఆమెను ఆపాడు. "నోరు మూసుకుని ఉంటే మీ ఉద్యోగమైనా మిగిలేది కదండీ. ఏం సాధించారు?"

"నీ తప్పు నీకు అప్పజెప్పిన సార్," అంది మసర్రత్. "ఇగ నాది నేను మోసుకుంట పోతున్న."