వియ్యంకుడి వల

మస్కట్ నుంచి మా తమ్ముడు పూర్తిగా వచ్చేసిన రెండో ఏడు పొలంలో చేపల చెరువు తవ్వించాడు. ధర్మపురి వెళ్లే దారిలో బాపు, అంటే మా నాన్న, వరి పండించిన మడి అది. పెళ్లయిన నాలుగేళ్లకే భర్త పోయి నేను పుట్టింటికి తిరిగి వచ్చాను కాబట్టి తమ్ముడి మంచిచెడ్డలన్నీ నా కళ్ల ముందే జరిగాయి. యాభై రెండేళ్ల వయసులో వాడికి ఉన్న కోరిక ఒక్కటే, మళ్లీ విమానం ఎక్కకూడదని. ఈ ఒక్క పంట చేతికొస్తే ఇక్కడే ఉంటాడు, రాకపోతే వెళ్లాలి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.

నేను తేదీలు రాసుకునే మనిషిని. గ్యాసు బండ మార్చినా, కోడిని పొదగేసినా గోడ మీది క్యాలెండర్‌లో గుర్తు పెడతాను. కొర్రమీను పిల్లల్ని, మా దగ్గర కొర్రమట్టలంటాం, ఆషాఢంలో వదిలాం. దీపావళి వెళ్లాక మొదటిసారి వల వేసి ఎదుగుదల చూడాలనుకున్నాం.

మాకు వల లేదు. మంచిర్యాల వైపు ఉండే తమ్ముడి వియ్యంకుడికి ఉంది. తమ్ముడి ఒక్కగానొక్క కూతురిని ఇచ్చిన ఇల్లు అది. వాళ్లకూ చేపల చెరువుంది. అడిగిన మర్నాడే ఆయన ఆటోలో వల వేసుకుని స్వయంగా వచ్చాడు. ముందు రోజే వాళ్ల చెరువులో లాగారట. మడతల్లోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.

చేపల పెంపకం మీద పెట్టిన శిక్షణకు తమ్ముడితో పాటు నేనూ వెళ్లాను. ఒక చెరువులో దిగిన వలను, రోగం పాకకుండా, మందు నీళ్లలో ముంచి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాకే ఇంకో చెరువులో దించాలని అక్కడ చెప్పారు. తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచి ఆ మాట గుర్తు చేశాను. వాడు మరిచిపోలేదు.

"అక్కా, గాయన పని ఇడిసిపెట్టి వల మోసుకొచ్చిండు. గాయన ముందట్నే దాన్ని కడిగి ఆరేస్తే, మీ చెరువు ఖరాబున్నదని అన్నట్టే గదా. బిడ్డ ఆడ బతుకాలె."

"రెండు దినాలు ఉండుమను. మర్యాద జేద్దాం. ఎండినంక ఏద్దాం."

"ఎందుకుండాలె అంటే ఏం జెప్పాలె?"

ఆడపిల్లను ఇచ్చిన ఇంటి నుంచి వచ్చినదాంట్లో మేము వంక వెతకం. ఉప్పు తక్కువైన కూర వచ్చినా బాగుందనే తింటాం. వల విషయంలోనూ అలాగే నడుచుకున్నాం.

వియ్యంకుడు తానే నడుం లోతు దిగి లాగించాడు. మొదట చేపలు తక్కువ పడ్డాయి. "మీ చేపలు గూడ మీ లెక్కనే బావా, చుట్టం వచ్చిండంటే లోపటికి ఉరుకుతయి" అన్నాడు. గట్టు మీద అందరం నవ్వాం. చేతిలోకి తీసుకున్నవి నల్లగా, నున్నగా ఉన్నాయి. ఒక్క మచ్చ లేదు. ఆ పూట కోడిని కోశాం. మళ్లీ అవసరం పడుతుందని వలను మా దగ్గరే వదిలి వెళ్లాడు.

తర్వాత చలి ముదిరింది. ఒక పొద్దున మేత చల్లితే చేపలు రాలేదు. కొన్ని ఒడ్డు వెంట తలలు పైకి పెట్టి కదలకుండా ఉన్నాయి. మామూలుగా వలకే చిక్కని కొర్రమట్టను తమ్ముడు వంగి ఉత్త చేత్తో ఎత్తాడు. దాని డొక్క మీద, చురక పెట్టినట్టు, ఎర్రటి మచ్చ. ఆ వారంలోనే మచ్చలు పుండ్లయ్యాయి, పుండ్లలోంచి కండ కనిపించింది. సున్నం చల్లాం. పసుపు కలిపాం. దుకాణంలో ఇచ్చిన మందులన్నీ పోశాం. కొత్త నీళ్లు పెడదామంటే బోరు సన్నగా పోస్తోంది. హుజూరాబాద్ నుంచి వచ్చిన బేరగాడు గట్టు మీది నుంచే చూసి వెనక్కి తిరిగాడు. కొర్రమట్టను బతికుండగా, ఒళ్లు చూసే కొంటారు.

మేనకోడలు నాకు ఫోన్ చేసింది. దసరా నాటికే వాళ్ల చెరువులో మచ్చలు కనిపించాయట. తగ్గిపోయిందనుకుని, మిగిలినవాటిని అమ్మడానికే మామ మా దగ్గరికి వచ్చే ముందు రోజు వల లాగించాడట. "నేను జెప్పిన్నని తెలిస్తే ఈడ నాకు కష్టమైతది అత్తా. బాపుకు జెప్పకు" అంది.

చెప్పలేదు. చచ్చిన చేపల్ని గుంతలో వేసి పైన సున్నం పోస్తూ తమ్ముడే అడిగాడు.

"పిల్ల ఫోన్ జేసిందా?"

"జేసింది."

"మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నదట."

"గంతే సాలు" అని పార తీసుకున్నాడు.

వియ్యంకుడు పరామర్శకు వచ్చాడు. చెరువంతా చూసి, చలికి ఇట్లనే అవుతుందని, నీళ్ల దోషం కూడా ఉండొచ్చని అన్నాడు. తమ్ముడు నేల చూస్తూ, "మా నీళ్లే మంచిగలేవు బావా" అన్నాడు. నేను చాయ్ పెట్టడానికి ఇంటి వైపు నడిచాను.

మాఘంలో వాడు మస్కట్ వెళ్లిపోయాడు. వెళ్లేముందు వలను మందు నీళ్లలో ముంచి, గట్టు పొడవునా పరిచి, ముడి ముడీ తిప్పుతూ ఎండబెట్టాడు. చేయమని ఎవరూ అడగలేదు. బాగా ఆరాక మడిచి ఆటోలో పంపాడు.

వల అందిందని వియ్యంకుడు ఫోన్ చేసేసరికి ఇంట్లో నేనే ఉన్నాను. ఆయన గొంతులో కొంచెం నొచ్చుకోలు వినిపించింది.

"గంత కడిగి పంపుడేంది వదినె, పరాయోళ్ల లెక్క?"

"ఎండ మంచిగుండె" అన్నాను. "ఊకె ఆరేసినం."