‘కొ’ అని కొడితే

తీగలమ్మ కంటే ఆమె కోపం ఒక గంట ముందు పుట్టిందని ఆ బడిలో అనుకునేవారు. నోట మాట రాని పిల్లలు, కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేని పిల్లలు చదువుకునే బడి అది. వాళ్లు వాడే యంత్రాలన్నీ బాగుచేసేది ఆమే. నడవా చివర ఇరుకు గది, గదిలో ఒక బల్ల, బల్ల మీద ఎప్పుడూ వేడిగా ఉండే సోల్డరింగ్ కడ్డీ, గోడ నిండా మేకులకు వేలాడే తీగల చుట్టలు. పిల్లలు ఆ చుట్టలు చూసే పేరు పెట్టారు. తప్పుడు స్క్రీన్ పంపిన దుకాణం వాడిని ఫోన్లో ఉతికి ఆరేయడం, మాట వినని స్క్రూడ్రైవర్‌ని గోడకేసి కొట్టడం, కాసేపటికి దాన్నే వెతుక్కుంటూ బల్ల కింద దూరడం ఆమెకు రోజూ ఉండే పనులే.

ఎడమ చెవి వినపడదు. తొమ్మిదేళ్లప్పుడు రేడియోలో మాట్లాడేదెవరో చూద్దామని దాన్ని విప్పింది. పెద్దన్న చూసి చెంప మీద ఒక్కటిచ్చాడు. ఏడుస్తూనే రేడియో మళ్లీ బిగించింది, అది పాడింది. చెవి మాత్రం బాగుపడలేదు. అప్పటినుంచి ఎవరైనా పిల్లల మీద చెయ్యెత్తితే ఆమెకు కళ్లు మూసుకుపోతాయి. ఒక పిల్లాడి నెత్తిన మొట్టిన వంటాయన్ని అతని గరిటెతోనే గేటు దాకా తరిమింది. అంతటి మనిషి కళ్లెదుట ఏడాదిపాటు ఘోరం జరిగింది, ఆమె చూడలేదు. చూడకపోవడం అటుంచి, తన చేత్తో తానే మూడుసార్లు తుడిచేసింది.

అదెలాగో చెప్పాలంటే ముందు పలక సంగతి చెప్పాలి. చక్రాల కుర్చీకి బిగించిన ట్యాబ్‌ని వాళ్లు పలక అంటారు. దాని మీద అక్షరాలు ఒక్కొక్కటిగా వెలుగుతూ పోతాయి. కావలసిన అక్షరం వెలిగినప్పుడు పిల్లలు పక్కనున్న మీటను చెంపతో నొక్కితే ఆ అక్షరం పడుతుంది. ఒక్క వాక్యం రాయడానికి పది నిమిషాలు. ఆ బాధ తగ్గించడానికి పైన మూడు గళ్లుంటాయి. మొదటి అక్షరం పడగానే పలక తనంతట తాను మూడు మాటలు అందులో చూపిస్తుంది. ఏ మాట ఎక్కువసార్లు రాస్తే అది ముందుకొస్తుంది. వాక్యం అయ్యాక ఒక ఆడ గొంతు దాన్ని చదివి వినిపిస్తుంది.

ఒకసారి పెద్దమనుషులెవరో బడి చూడ్డానికి వచ్చారు. ఓ పిల్లాడు ‘నమస్కారం’ రాయబోతే ‘న’ దగ్గరే వాడికి బాగా అలవాటైన పచ్చి బూతు గడిలోకొచ్చింది. వాడు చెంప ఆపుకోలేకపోయాడు. ఆడ గొంతు దాన్ని ఎంతో మర్యాదగా చదివింది. పెద్దటీచరు తీగలమ్మ తల తీసేసినంత పని చేసింది. ఆ రోజునుంచి తీగలమ్మ తన చేతికొచ్చిన ప్రతి పలకనూ ముందు శుభ్రంగా తుడిచి, నేర్చుకున్న మాటలన్నీ పోగొట్టి, ఆ తర్వాత ‘కొత్త పలక’ అని రాసి చూసుకునేది. ‘కొ’ అని కొడితే ‘కొంచెం, కొత్త, కొన్ని’ అని రావాలి. వస్తే పని అయినట్టు.

ఇక జడ్జమ్మ. పదహారేళ్ల పిల్ల. మెడ కింద ఏదీ తను చెప్పినట్టు వినదు, గొంతులోంచి అరుపు తప్ప మాట రాదు. అయినా అందరి మీదా తీర్పులు చెబుతుంది. మధ్యాహ్నం అన్నం చూసి ‘ఇది నేరం’ అని రాస్తుంది. లెక్కల టీచరు జోకుకి ‘సాక్ష్యం చాలదు’ అంటుంది. ఆమెతో ఒక్కటే జాగ్రత్త, దవడ. అది ఒకసారి బిగుసుకుందంటే ఆమె వదలాలనుకున్నా వదలదు, లాగేకొద్దీ ఇంకా బిగుస్తుంది. రబ్బరు చెంచాతోనే తినిపించాలి. కొత్తలో చేత్తో ముద్ద పెట్టబోయి ఆయా వేలి గోరు పోగొట్టుకుంది. గడ్డం కింద బొటనవేలితో నొక్కి తల ముందుకు వంచితే మెల్లగా విడుస్తుందని ఆ తర్వాత బడిలో పెద్దవాళ్లందరికీ నేర్పారు.

తండ్రి లేడు. తల్లి ఆసుపత్రి బట్టలుతికే చోట పనిచేస్తుంది, పొద్దుగూకాక గానీ ఇంటికి రాదు. పిల్లను దింపేదీ తీసుకెళ్లేదీ బాబాయి. ఇస్త్రీ చొక్కా, నవ్వు ముఖం, గుమాస్తా దగ్గర్నుంచి ఆయా దాకా అందరికీ పేరుపేరునా పలకరింపు. అన్న కూతుర్ని కంటికి రెప్పలా చూసుకుంటున్నాడని బడంతా కోడై కూసింది. ఏడాదిలో మూడుసార్లు పలక పగిలితే, ఒళ్లు స్వాధీనంలో లేని పిల్ల కదా, చెయ్యి విసిరితే కింద పడిందన్నాడు. ఒంటి మీద కమిలిన మచ్చలకూ అదే మాట. అందరూ నమ్మారు. తీగలమ్మ నమ్మడమే కాదు, మూడోసారి పిల్ల కుర్చీ ముందు నిలబడి, ఇంకోసారి పగలగొట్టావంటే రాతి పలక బిగిస్తానని గట్టిగా కేకలేసింది. పలక పగిలింది కాబట్టి పిల్ల జవాబు చెప్పలేకపోయింది. కళ్లనిండా నీళ్లతో అలా చూసింది. తప్పు చేసిన చూపనుకుంది తీగలమ్మ.

నాలుగోసారి పలక వచ్చిన రోజు ఆమెకు పొద్దున్నుంచీ చిరాకే. స్క్రీన్ మార్చింది, తాకితే పనిచేస్తుందో లేదోనన్న అనుమానం వచ్చింది. తుడవకుండానే అలవాటు కొద్దీ ‘కొ’ అని కొట్టింది.

మూడు గళ్లూ నిండాయి. కొడుతున్నాడు. కొట్టాడు. కొట్టకు.

మొదటిది నొక్కింది. ఆ మాట వెంట ఎప్పుడూ రాసే మాటగా గడిలో ‘బాబాయ్’ అని వచ్చింది.

తీగలమ్మ పలక పట్టుకుని తరగతికి పరుగెత్తింది, పిల్ల కుర్చీని తన గదికి తోసుకొచ్చి, పలక బిగించి, ఎదురుగా స్టూలు మీద కూలబడింది. ఇది నిజమేనా అని అడిగింది. అక్షరాలు వెలుగుతూ పోయాయి. పిల్ల చెంప మీట మీద పడుతూ లేస్తూ ఉంది. ఆ పది నిమిషాలూ తీగలమ్మ గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. చివరికి ఆడ గొంతు చదివింది.

“వందసార్లు రాశాను. నువ్వు తుడిచేశావు.”

తీగలమ్మ తల ఎత్తలేకపోయింది. ఎవరికైనా చెప్పొచ్చు కదా అని గొణిగింది. పిల్ల మళ్లీ మొదలుపెట్టింది.

“చెప్పనని ఒట్టు వేయించాడు. రాయనని వేయలేదు.”

ఆ తర్వాత ఒక్కో ముక్కా బయటికొచ్చింది. ఇంట్లో కొట్టినప్పుడు పలక ‘కొట్టకు’ అని పైకి అరుస్తుంది. పక్కవాళ్లకు వినపడుతుందని వాడు పలకను నేలకేసి కొడతాడు. పగిలిన ప్రతిసారీ అది తీగలమ్మ చేతికి వెళుతుందని పిల్లకు తెలుసు. అందుకని బడిలో గొంతు ఆపేసి అవే మాటలు పదే పదే రాసి పైకి తెచ్చి పెట్టింది. అది ఆమె పంపిన ఉత్తరం. తీగలమ్మ దాన్ని చదవకుండా చింపేసింది మూడుసార్లు. ఇంకొక్కసారి తుడిచి, సాయంత్రం ఈ పిల్లను వాడి చేతిలో పెట్టి ఉంటే ఏమయ్యేదో అనుకుంటూనే తీగలమ్మ పోలీసులకూ తల్లికీ ఫోన్ చేయమని గుమాస్తాకు కేకేసి చెప్పింది. పెద్దటీచరు ఊళ్లో లేదు. బడి వదలడానికి ఇంకా అరగంట ఉంది.

బాబాయి ఆ రోజు ముందే వచ్చాడు. నవ్వుతూ గుమ్మంలో నిలబడ్డాడు, పలక బాగైందా అమ్మా అన్నాడు, తర్వాత పలక మీదున్న మాటలు చూశాడు. నవ్వు పూర్తిగా పోలేదు.

“అది యంత్రమండీ. దానికి తోచిన మాటలు చూపిస్తుంది.”

“దానికేమీ తోచదు,” అంది తీగలమ్మ. “ఎవరేం నేర్పితే అదే నేర్చుకుంటుంది. నువ్వే నేర్పావు.”

వాడు కుర్చీ మీద చెయ్యి వేశాడు. ఆమె అడ్డం నిలబడింది. మరుక్షణం వాడి అరచెయ్యి ఆమె కుడి చెవి మీద పడింది. ఉన్న ఒక్క చెవీ గింగురుమంటూ మూతబడింది, ఆ తర్వాత జరిగిందంతా ఆమెకు మూగగానే జరిగింది. వాడు పలకను ఊడబెరికి బల్ల అంచుకేసి కొట్టాడు. గాజుముక్కలు ముఖాన పడ్డాయి. ఆమె సోల్డరింగ్ కడ్డీ తీసి వాడి మణికట్టు మీద ఆనించి నొక్కింది. చర్మం కాలిన వాసన వచ్చింది. వాడు ఆమె జుట్టు పట్టుకుని తలను బల్లకేసి ఒకసారి, రెండుసార్లు బాదాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. కడ్డీ ఎక్కడో పడిపోయింది. మోకాళ్ల మీద కూలి, పాకుతూ వాడి కాలు పట్టుకుంది. వాడు ఆ కాలితోనే డొక్కలో తన్నాడు.

పిల్ల అరవడం మొదలుపెట్టింది. మాట రాకపోయినా గొంతు గట్టిది, ఆ అరుపు గేటు దాకా వినపడిందని తర్వాత చెప్పారు. వాడు ఇంట్లో అలవాటైన పనే చేశాడు. వెనక్కి తిరిగి ఆ నోరు చేత్తో మూశాడు.

రెండు వేళ్లు లోపలికి పోయాయి. దవడ బిగుసుకుంది.

వాడు లాగాడు. లాగేకొద్దీ బిగిసింది. రెండో చేత్తో పిల్ల తల మీద గుద్దాడు, చెంప మీద గుద్దాడు. తీగలమ్మ ఎలా లేచిందో ఆమెకే తెలియదు. మేకుకున్న తీగల చుట్ట లాగి ఆ రెండో చేతికి నాలుగు మెలికలు వేసి, కిటికీ ఊచకు కట్టి, ముడి మీద ముడి వేసింది. ఇరవై ఏళ్లుగా తీగలు బిగించిన చేతులవి. వాడి పెదవులు కదులుతున్నాయి, వదిలించమని బతిమాలుతున్నట్టున్నాడు. గడ్డం కింద బొటనవేలితో నొక్కి తల ముందుకు వంచితే విడుస్తుంది. ఆ కిటుకు ఆమెకు బాగా తెలుసు. పోలీసులు వచ్చేదాకా గుర్తు రాలేదని వాంగ్మూలంలో చెప్పింది.

తల్లి తడి చేతులతో, పనిబట్టలతో పరుగెత్తుకొచ్చింది. పిల్ల ముఖం తుడిచింది, వాపు చూసింది, ఏడవలేదు. ఇంతకు ముందు మూడుసార్లు ఏం జరిగిందని తీగలమ్మను అడిగింది. వినపడక మళ్లీ అడిగించుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది తీగలమ్మ. తల్లి లాగిపెట్టి ఆమె చెంప మీద కొట్టింది. ఆయా పరుగున వచ్చి పట్టుకోబోతే తీగలమ్మ వద్దంది. ఆ దెబ్బలో సగం తల్లి తనకు తాను కొట్టుకున్నదేనని ఇద్దరికీ అర్థమైంది. తర్వాత ఇద్దరూ ఆ గాజుముక్కల మధ్యే చాలాసేపు కూర్చున్నారు.

వాడి వేళ్లలో ఒకటి మళ్లీ వంగదన్నారు డాక్టర్లు. తీగలమ్మ కుడి చెవి సగం తిరిగొచ్చింది. పలక ముక్కలైనా లోపలి చిప్ పగల్లేదు. అందులోని మాటలన్నీ పోలీసులు రాసుకున్నాక, ఆమె వాటిని కొత్త పలకలోకి ఎక్కించింది. ఎక్కించే ముందు ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఒక పిల్లను అడిగింది, ఇవన్నీ తుడిచేయనా అని.

“ఉంచు,” అంది ఆడ గొంతు. “కేసు ఇంకా తేలలేదు.”

నెల రోజుల తర్వాత మీట వదులైందని జడ్జమ్మ కుర్చీ ఆమె గదికి వచ్చింది. మీట బిగించాక ఎప్పటి అలవాటు కొద్దీ ‘కొ’ అని కొట్టింది తీగలమ్మ. మొదటి గడిలో ‘కొరికాను’ అని వచ్చింది.

వంటాయనకు, గుమాస్తాకు, లెక్కల టీచరుకు, బడి చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులకు, ఆసుపత్రిలో తల్లితో పనిచేసే పదిమందికీ పిల్ల ఆ కథ ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో ఊహించుకుని తీగలమ్మ పడీ పడీ నవ్వింది. డొక్క నొప్పి పుట్టేదాకా నవ్వి, కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. రెండో గడిలో ‘కొడుతున్నాడు’ ఇంకా ఉంది. జడ్జమ్మ ఆమెనే చూస్తోంది. తీగలమ్మ దాని జోలికి పోకుండా, పలక వెనకాల మిగిలిన రెండు మరలూ బిగించి, కుర్చీని తరగతి వైపు తోసుకుంటూ వెళ్లింది.