ఎడమ చెయ్యి ఇరవై రెండు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఒకవేళ ఉన్నా, కలకత్తాలో మా మెటియాబ్రుజ్ సందుల్లో వాటికి నిలబడే చోటెక్కడిది? మనుషులకే లేదు. నేను చదివింది నాలుగో తరగతి. ఇలా కూర్చుని రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

నేను దర్జీని. ఇంట్లో ముందు గదిలోనే మిషను. మా నాన్న ఓడల డాక్‌లో పనికని శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే పోయాడు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. చాలా ఏళ్లు నా పక్కన కూర్చుని కాజాలు కుట్టింది. మనిషిని చూసి టేపు లేకుండానే కొలత చెప్పేది. రెండేళ్లుగా మతిమరుపు జబ్బు. భవానీపూర్‌లో ఒక డాక్టరు గారు కొత్త మాత్ర రాశారు.

మాత్ర మొదలుపెట్టిన పదో రోజుకి అమ్మకి కంగారు పట్టుకుంది. కొంగు నలుపుతూ ఒకటే నడక. ముద్ద దిగడం లేదు. ఒక మధ్యాహ్నం మిషను పక్కనున్న ఖాళీ స్టూలు చూపించి నన్ను తిట్టడం మొదలుపెట్టింది.

"ఏటిరా, మనిషి పొద్దున్నించీ కూకున్నాడు. నీ కళ్లకి అగుపడ్డం నేదా? కొలతలు తియ్యి!"

"ఎవులమ్మా?" అన్నాను.

"ఎవులైతే నీకేటి? నువ్వు దర్జీవా, పోలీసోడివా?"

మర్నాడే అమ్మని తీసుకుని డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాను. ఈ మాత్ర కొందరికి పడదట. కంగారు, ఆకలి చచ్చిపోవడం, లేని మనుషులు కనిపించడం ఉంటాయట. మాత్ర ఆపమన్నారు. ఆ ప్రభావం పోవడానికి కొన్నాళ్లు పడుతుంది దాదా, ఈలోగా వాదించకు, ఎలాగైనా తినిపించు, బాగా చిక్కిపోయింది అన్నారు.

అమ్మ తింటేగా! స్టూలు మీదాయన చొక్కా కుట్టడం అయితే గానీ తిననని కంచం తోసేసింది. రెండు రోజులు ఉత్త టీ. జాకెట్టు భుజం మీంచి జారిపోతుంటే నేనే రెండుసార్లు బిగించి కుట్టాను. మూడోసారి బిగించాల్సి వస్తుందేమోనని భయం వేసింది.

మూడో రోజు టేపు తీసుకుని స్టూలు ముందు నిలబడ్డాను. గాలికి కొలతలు తీశాను. తలుపు చాటున మా ఆవిడ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుతోంది.

"చెస్టు ముప్పై ఎనిమిది" అన్నాను నోటికొచ్చినట్టు.

"కళ్లు పోయినాయేటి? అంత లావు మనిషి. నలభై రెండు రాయి."

అమ్మ చెప్పినట్టే పుస్తకంలో రాశాను. కుడి చెయ్యి ఇరవై నాలుగు. ఎడమది కూడా అంతే వేయబోతే ఆపింది.

"ఎడం సెయ్యి ఇరవై రెండు. సాగదు పాపం. సూసి రాయి."

ఊరికే రాసి వదిలేద్దామంటే పక్కనే కూర్చుని కాపలా కాసింది. మిగిలిన నీలం గళ్ల గుడ్డతో నిజంగానే కుట్టాల్సి వచ్చింది. చేతులు ఎచ్చుతగ్గులున్న చొక్కా నా జన్మలో కుట్టలేదు.

"జాగ్రత్త మావా, అంగుళం తేడా వస్తే తగువుకొస్తాడు" అంది మా ఆవిడ.

చొక్కా చూసి అమ్మ ఒక ఇడ్లీ తింది. మిగతాది ఆయన వేసుకున్నాకట.

వారానికి స్టూలు మీది మనిషి మాయమయ్యాడు. మాత్ర పోయింది, మనిషీ పోయాడు అనుకున్నాను. కానీ అమ్మ ఆ చొక్కా ఒళ్లో పెట్టుకుని గుమ్మం వైపే చూసేది. పూటకి సగం ఇడ్లీ, అంతే.

తర్వాతి మంగళవారం పొద్దున్న పదకొండింటికి ఒకాయన గుమ్మంలోకి వచ్చాడు. లావుపాటి మనిషి. తెలుగు దర్జీ ఉన్నాడని ఎవరో చెప్పారట. ఏ చొక్కా కొన్నా తనకి ఎడమ చెయ్యి పొడుగవుతోందన్నాడు. చిన్నప్పుడు మోచెయ్యి విరిగి వంకరగా అతికిందట.

మా ఆవిడ ఆయన కాళ్ల వైపు చూసింది. టీ ఇచ్చి, తాగాడో లేదో అని ఇద్దరం కప్పులోకి తొంగిచూశాం. తాగాడు. బిస్కెట్టు కూడా అడిగాడు.

మొన్ననే హౌరాలో దిగాడట. కలకత్తా రావడం ఇదే మొదటిసారి. డాక్టరు దగ్గరికి తప్ప అమ్మ గడప దాటి ఏడాది పైనే అయింది. ఊరూ పేరూ అడిగి చూశాను, ఏ చుట్టరికమూ తేలలేదు.

అమ్మ లేచి వచ్చి చొక్కా ఆయన చేతిలో పెట్టింది.

"బేగి ఏస్కో బాబూ. నాకు ఆకలేస్తంది."

వేసుకున్నాడు. ఎక్కడా ఒక్క ముడత లేదు. ఎడమ చెయ్యి సరిగ్గా మణికట్టు దగ్గర ఆగింది.

"నా కొలత నీకెలాగ తెలిసింది?" అన్నాడు.

"మా అమ్మ చెప్పింది" అన్నాను. ఇంకేం చెప్పను?

ఈసారి ఆయన మా కాళ్ల వైపు చూశాడు.

ఆ రోజు అమ్మ రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. తింటూ తింటూ ఆగి నా వైపు తేరిపార చూసింది.

"బాగా కుట్టినావు బాబూ. నువ్వెవులబ్బాయివి?"

ఇన్నేళ్లలో అమ్మ నా కుట్టు బాగుందనడం అదే మొదలు. నవ్వాలో ఏడవాలో తెలియక ఇంకాస్త పప్పు వడ్డించాను.

లేని మనిషి కనిపించడం మాత్ర వల్లేనని డాక్టరు గారు చెప్పారు, ఒప్పుకుంటాను. ఎడమ చెయ్యి ఇరవై రెండని మాత్రకెలా తెలుసు? కొలతల పుస్తకంలో ఆ పేజీ అలాగే ఉంది. ఎన్నిసార్లు చూసినా నాకు అంతుపట్టలేదు. అప్పటినుంచి ఆ స్టూలు మాత్రం ఖాళీగా ఉంచడం లేదు. ఎప్పుడూ ఏదో ఒక గుడ్డల మూట పెట్టే ఉంచుతాను.