ఊయల్లో వేసిన డిపాజిట్లు

టైల్స్ కొట్టు యజమానిని బజారంతా చాటుగా జిడ్డు అనే పిలుస్తుంది. పగిలిన టైలును కూడా కొత్త డిజైనని అంటగట్టే ఘనుడు. కూతురు ఊయల్లో ఉండగానే ఆమె పేర బ్యాంకులో డిపాజిట్లు వేశాడు. అది ప్రేమ అనుకుంటే పొరపాటే. పన్నువాళ్ల కళ్లుగప్పడానికి పసిగుడ్డు చాటు దొరికిందని ఆయన సంబరం.

ఆ సంబరం మీద ఆడిటరు నీళ్లు చల్లాడు. "పిల్ల పేర వేసినా వడ్డీ మీ ఆదాయంలోనే కలుస్తుందండీ. తనకి మైనారిటీ తీరేదాకా పన్ను మీరే కట్టాలి. సొంతంగా కష్టపడి సంపాదిస్తే వేరే లెక్క."

"అయితే కష్టపడిందనే రాయండి బాబూ!"

"ఊయల్లో పిల్ల ఏం కష్టపడిందని రాయను? ఏడ్చిందనా?"

జిడ్డు సిగ్గుపడే రకం కాదు. సిగ్గుకీ పన్ను వేస్తారని భయం కాబోలు. డిపాజిట్లు మధ్యలో తీస్తే వడ్డీ కోస్తారు, అందుకని వాటి జోలికి పోలేదు. పిల్లకి మాటలు రాగానే ఒక పాఠం వల్లె వేయించాడు. ఏటా ఆడిటరు గదికి లాక్కెళ్లి కుర్చీ ఎక్కించేవాడు. పిల్ల చేతులు కట్టుకుని, "ఈ డబ్బు నాదండీ, మా నాన్నకి సంబంధం లేదండీ" అని గడగడా అప్పజెప్పేది. ఆడిటరు నవ్వేవాడు, పన్ను మాత్రం తండ్రి లెక్కలోనే వేసేవాడు. సరిగ్గా చెప్పలేదని జిడ్డు దారిపొడుగునా పిల్లని తిట్టేవాడు.

పిల్ల ఎదిగింది. ఇళ్లకి నమూనాలు గీసే చదువులో సీటు తెచ్చుకుంది. ఫీజు మాటెత్తితే, "నా దగ్గర ఎక్కడేడిసిందే?" అని చేతులు దులిపేసుకున్నాడు తండ్రి. కట్టకపోతే సీటు పోతుంది. సరిగ్గా ఆ వారంలోనే ఆమెకి మైనారిటీ తీరింది. జన్మలో లేనిది జిడ్డు కేకు తెచ్చాడు. మర్నాడు బ్యాంకుకి వెంటబెట్టుకెళ్లాడు, డిపాజిట్లన్నీ తన కొత్త షోరూముకి మళ్లించుకుందామని.

"సంతకం పెట్టు తల్లీ, మా బంగారం కదూ!"

"ఎవరి ఖాతాకి పంపాలమ్మా?" అని కౌంటరులో ఆవిడ అడిగింది.

కూతురు చేతులు కట్టుకుంది. "ఈ డబ్బు నాదండీ. మా నాన్నకి సంబంధం లేదండీ. కాలేజీకి పంపండి."

జిడ్డు లబోదిబోమన్నాడు. "ఒసే, మరి ఇన్నేళ్లూ నేను కట్టిన పన్నో?"

"అది నీదే నాన్నా," అని కూతురు సంతకం పెట్టేసింది.