దొర నోటి వాసన, మా అత్త చేతి వైద్యం

ముందుగా క్షమాపణ. ఆళ్లగడ్డలో మా మేనత్త పోయింది. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాసిమ్మని సంఘ పెద్దలు నన్ను అడిగారు. ఆమె భక్తి, ఆమె పెట్టిన అన్నం, మందిరానికి ఆమె కుట్టిచ్చిన తెల్ల తెరలు అంటూ ఏమేం రాయాలో కూడా వాళ్లే చెప్పి పంపారు. అవన్నీ పక్కన పెట్టి ఒక కుక్క నోటి కంపు గురించి రాయబోతున్నందుకు సంఘ పెద్దలకు, బంధుమిత్రులకు, నంద్యాల, ఆళ్లగడ్డ పుర ప్రజలకు, నాకు డిగ్రీ దాకా తెలుగు నేర్పి అలసిపోయిన గురువులకు మోకరించి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇంత పెద్ద క్షమాపణ చెప్పినవాడు రాయడం మానుకోడని మీకూ తెలుసు.

కబురు ఉదయం వచ్చింది. నంద్యాలలో నా అద్దె గదిలో పళ్లు తోముకుంటుంటే అత్త కొడుకు, అంటే మా బావ, ఫోన్ చేశాడు. “అమ్మ లేయలేదు రా. బిరీన రా,” అని పెట్టేశాడు. ఆళ్లగడ్డ బస్సెక్కి టికెట్ కోసం చొక్కా జేబులో చెయ్యి పెడితే తడిగా బ్రష్షు తగిలింది. ఆ రోజంతా అది నా జేబులోనే ఉంది. ఆ ఇంటికి నోరు శుభ్రం చేసే పని మీద వెళ్లడం నాకు కొత్తేమీ కాదు.

ఆ ఇంట్లో దొర అని ఒక కుక్క ఉండేది. తెల్లగా ఉంటుందని మా మామ పెట్టిన పేరు. పొలం నుంచి ఆయన వెంట పడి వచ్చింది, ఆయన పోయాక అత్త మంచం కిందికి మారింది. వయసు మీద పడ్డాక దాని నోరు చెడింది. ఎంతగానంటే, దొర వరండాలో ఆవులిస్తే వంటింట్లో అక్క కిటికీ మూసేది. అక్క అంటే బావ భార్య, నాకు అక్క వరస. అత్తకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. కరోనా జ్వరం వచ్చి తగ్గినప్పుడు ఆమె ముక్కుకు వాసన తెలియడం పోయింది, మళ్లీ రాలేదు. మల్లెపూవైనా మాడిన కూరైనా ఆమెకు ఒకటే. దొరను ఆ ఇంట్లో భరించగలిగింది ఆమె ఒక్కతే కావడానికి ప్రేమ సగం కారణం, ముక్కు సగం కారణం.

మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు ఆమె కుడి చెయ్యి మంచం పక్కకు వేలాడేసేది. దొర వచ్చి ఆ అరచేతి దగ్గర మూతి పెట్టి పడుకునేది. దాని పక్కన ఎట్లా పడుకుంటావు అత్తా అని అడిగాను ఒకసారి. “వాసన నాకేం తెల్సు రా. ఊపిరి ఎచ్చగా తగుల్తాది సేతికి. మీ మామ పోయినాక ఈ ఇంట్లో నా సేతికి ఎచ్చగా తగిలేది అదొకటే,” అంది.

అసలు గొడవ ప్రార్థనతో మొదలైంది. ఒక ఆదివారం అత్త ప్రార్థన మనవుల్లో దొర నోటిని కూడా చేర్చి పాస్టరు గారికి చెప్పింది. కుక్క కోసం అని బయటికి చెప్పడం ఆయనకు మొహమాటం అనిపించి ఉంటుంది. కళ్లు మూసుకుని, గొంతు నిండుగా, “ఒక సహోదరి ఇంట్లో ఒకరు చాలా కాలంగా నోటి దుర్వాసనతో బాధపడుతున్నారు ప్రభువా,” అని ప్రార్థించాడు. ఆ సహోదరి ఎవరో అందరికీ తెలుసు, ఎందుకంటే అత్త అందరికంటే గట్టిగా ఆమెన్ అంది. ఆమె ఇంట్లో ఉండేది కొడుకు, కోడలు. కొడుకు మగవాళ్ల వైపు కూర్చున్నాడు. కోడలు ఆడవాళ్ల చాప మీద ఉంది. ఆ చాప మీద ఆమె చుట్టూ మెల్లగా జాగా ఏర్పడింది. ఆరాధన అయ్యాక ఒక పెద్దామె అక్క చేతిలో కాగితం పొట్లం పెట్టి, “లవంగాలు నములు మ్మే. సిగ్గేం ల్యా. నాకూ ఉండె,” అంది.

అక్క ఇంటికొచ్చి పొట్లం అత్త ముందు పెట్టింది. అరవలేదు. “కోత పండగకు సంఘమంతా మనింటికి భోజనానికొస్తారు. ఆ లోపల దాని నోరన్నా బాగుపడల్ల, ల్యాకుంటే అది సంజామల సేనికన్నా పోవల్ల అత్తా,” అంది. సంజామల దగ్గర వాళ్లకు శనగ చేను ఉంది. అక్కను తప్పు పట్టేవాళ్లు ఒక్క పూట దొర పక్కన కూర్చుని అన్నం తిని రండి, తర్వాత మాట్లాడుకుందాం.

నోరు బాగుపడిందో లేదో తేల్చేదెవరు? అత్తకు ముక్కు లేదు. అక్క వాది. బావ ఎవరు ముందు అన్నం పెడితే వాళ్ల పక్షం. అట్లా రెండు వర్గాలూ ఒప్పుకుని నన్ను న్యాయమూర్తిగా నియమించాయి. చదువుకున్నవాడు, పరాయి ఊరివాడు, పక్షపాతం లేనివాడు అన్నారు. నా డిగ్రీకి దొరికిన మొదటి ఉద్యోగం అది. ఆదివారం ఆదివారం నంద్యాల నుంచి బస్సులో వెళ్లేవాణ్ణి. అత్త దొర దవడలు పట్టుకుని తెరిచేది. నేను ఒంగి వాసన చూసి తీర్పు చెప్పాలి. తీర్పు తర్వాతే భోజనం. ముందు భోజనం పెట్టమని నేను వేసిన అప్పీలు కొట్టేశారు.

వైద్యం ఎద్దుల వైద్యంతో మొదలైంది. బండి ఆత్మకూరు దగ్గర మా తాత ఎద్దులు మేపినవాడు. ఎద్దు మేత మానేస్తే నాలుక బయటికి లాగి ఉప్పూ పసుపూ రుద్దేవాళ్లు. మా అత్తకు తెలిసిన పశువైద్యం అంతా అదే, ఆమె దృష్టిలో తోక ఉన్న ప్రతిదీ ఎద్దే. దొర నాలుకకు దోసెడు ఉప్పు రుద్దింది. దొర తొట్టిలో నీళ్లన్నీ తాగి, వెళ్లి వెళ్లి అక్క గుమ్మంలో కక్కింది. మరుసటి వారం అటక మీది వెదురు గొట్టం దించింది. పుదీనా నూరి మజ్జిగలో కలిపి, ఎద్దుకు పోసినట్టు తల పైకెత్తి గొంతులో పోయబోయింది. అది కుక్క అత్తా, ఎద్దుకు పోసినంత పోస్తే చస్తుంది అన్నాను. “అందుకే కదరా సగం తగ్గించినా,” అంది. దాని బరువు చూసి లెక్క కట్టాలని వివరించబోతే, డిగ్రీ చదివి కుక్కను తూకం వేస్తావా అని నవ్వింది. గొట్టం మాత్రం మళ్లీ అటకెక్కింది.

తర్వాత వంటింటి వైద్యం. అన్నంలో కొత్తిమీర తరిగి కలిపింది. కొత్తిమీర మడిలో ఎలుక చచ్చినట్టు ఉందని తీర్పు చెప్పాను. పెరుగు పెట్టింది. దొరకు పెరుగు నచ్చింది, వాసనకు కూడా నచ్చినట్టుంది, కదల్లేదు. పచ్చి క్యారెట్ నమిలితే పళ్ల పాచి పోతుందని నేనే ఫోన్లో చూసి చెప్పాను. దొర క్యారెట్‌ను గౌరవంగా నోట కరుచుకుని వెళ్లి గులాబీ కుండీలో పాతిపెట్టింది. చివరికి అత్త వేలికి మెత్తని గుడ్డ చుట్టి, కొబ్బరి నూనెలో ముంచి, రోజూ దాని చిగుళ్లు రుద్దడం మొదలుపెట్టింది. దొర కళ్లు మూసుకుని రుద్దించుకునేది. ఒక ఆదివారం నిజంగానే కొంచెం తగ్గినట్టు అనిపించింది. ఆ మాటే చెప్పాను. అత్త అన్నంలో నాకు మూలుగ ఉన్న ఎముక వేసింది. అక్క కూడా ఆ రోజు కిటికీ తెరిచే ఉంచింది.

వారం తిరిగేసరికి మళ్లీ మొదటికొచ్చింది, ఇంకొంచెం ఎక్కువైంది కూడా.

అప్పుడు బావా నేనూ దొరను ఆటోలో నంద్యాల తీసుకెళ్లి పశువుల డాక్టరుకు చూపించాం. ఆటో డ్రైవరు దారి పొడుగునా తల బయటికి పెట్టే నడిపాడు. డాక్టరు పెదవి పైకెత్తి చూశాడు. పాచి రాయిలా గట్టిపడి, కింద పళ్ల వేర్లు కుళ్లాయన్నాడు. మత్తిచ్చి పీకాలి, ఈ వయసులో దీని గుండె మత్తుకు ఆగదు అన్నాడు. ఆకులూ నూనెలూ పైపైనే, కుళ్లు వేరులో ఉంది అన్నాడు. మనుషుల పేస్టు మాత్రం పూయొద్దు, మింగితే ప్రమాదం అని చెప్పి చేతులు కడుక్కున్నాడు, రెండుసార్లు.

సాయంత్రం ఆ సంగతి అత్తకు చెప్పాం. అంతా విని ఒకటే అడిగింది.

“నొప్పి ఉంటాదంటనా దానికి?”

ఉంటుందన్నాడని బావ చెప్పాడు.

“అయితే ఇంగ మెల్లగా రుద్దల్ల,” అంది.

“వాసన పోదంటాండాడు అత్తా,” అన్నాను, ఆమెకు అర్థం కాలేదేమోనని.

“ఇన్న్యా లేరా. పోదని సెప్పినాడు. రుద్దొద్దని సెప్పల్యా కదా.”

ఆ రోజు నుంచీ ఆమె రోజూ రుద్దింది, గెలుస్తానని మాత్రం కాదు. నేను వెళ్లేవాణ్ణి, ఆమె దవడలు తెరిచేది, నేను ఒంగేవాణ్ణి. అట్లే ఉంది అత్తా అనేవాణ్ణి. వచ్చే వారం సూద్దాం అనేది. కోత పండగ దగ్గరపడుతున్నా ఇద్దరమూ దాని మాట ఎత్తేవాళ్లం కాదు. చివరి ఆదివారం కూడా అంతే. ఆ వారంలోనే, కోత పండగ ఇంకా రాకముందే, అత్త నిద్రలో పోయింది. గుండె అన్నారు. మంచం పక్కకు చెయ్యి వేలాడుతోందంట. దొర ఆ చేతి దగ్గరే ఉందంట, లాగితే గానీ రాలేదంట.

భూస్థాపన అయిన మూడో రోజు దొరను సంజామల పంపారు. పంపేటప్పుడు అక్క ఏడ్చింది. కొబ్బరి నూనె సీసా, ఉతికి మడిచిన గుడ్డ కూడా ఆటోలో పెట్టింది. చేని కాపలా మనిషి మంచివాడే గానీ, కుక్క చిగుళ్లు రుద్దే తీరిక ఏ కాపలా మనిషికుంటుంది? నిన్న బావ ఫోన్ చేశాడు. “తినడం ల్యాదంట రా. రోడ్డు దిక్కే సూస్తాండాదంట. ఏం సేద్దాం?” అన్నాడు. నా అద్దె గదిలో కుక్కను ఉంచుకోనివ్వరు. ఉంచుకోనిచ్చినా మంచం మీద ఉండేది నేనే కదా, అత్త కాదు కదా.

ఈ మొత్తం వ్యవహారంలో అందరూ ఏదో ఒకటి చేశారు. నేను బస్సెక్కి వెళ్లి, వాసన చూసి, వెటకారమాడి, అన్నం తిని వచ్చాను. అంతకుమించి ఏమీ చేయలేదు, ఒక్క పని తప్ప. అత్త పోయిన రోజు ఆమెను గాజు మూత ఉన్న ఐసు పెట్టెలో హాల్లో పడుకోబెట్టారు. వచ్చేపోయేవాళ్లకు ఇబ్బంది అని దొరను వెనక దొడ్లో కట్టేశారు. మధ్యాహ్నం నంద్యాల నుంచి సమాధి పెట్టె వచ్చిందని అందరూ ఒక్కసారి బయటికి వెళ్లారు. తర్వాత చూస్తే గాజు మీద మూతి మరక ఉంది. కుక్కను ఎవడు విప్పినాడని బావ అరిచాడు. పనివాళ్లను అడిగారు, పిల్లలను అడిగారు. ఇప్పటికీ తేలలేదు.

విప్పింది నేనే. హాల్లోకి తీసుకొచ్చి, దాని ముందు కాళ్ల కింద చేతులు వేసి ఎత్తి పట్టుకున్నాను. దొర గాజు మీద మూతి ఆనించి, లోపల గుండెల మీద మడిచి పెట్టిన ఆ చేతులకు సరిగ్గా పైన, నోరు తెరిచి ఊపిరి వదిలింది. కంపంతా నా ముఖానికి కొట్టింది. నేను తల తిప్పుకోలేదు. చల్లటి గాజు మీద ఆవిరి అరచెయ్యంత మేర కమ్మింది. మెల్లగా కరిగిపోయి, లోపల ఆమె వేళ్లు కనిపించాయి. దొర మళ్లీ ఊపిరి వదిలింది. మళ్లీ కమ్మింది.