పళ్ళేల్లో పత్తికాయలు

మాది ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరు. నేను కాపురానికొచ్చిన కొత్తలో, అంటే యాభైల్లో, మా మహిళామండలి వాళ్ళను గ్రామసేవిక బస్సెక్కించి, గుంటూరులో చిన్న చిన్న మ్యూజియాలు చూపిస్తానని తీసుకెళ్ళింది. మొదటిది పత్తి మ్యూజియం. ఉన్నది ఒకటే గది. బల్లల మీద పళ్ళేల్లో పగిలిన పత్తికాయలు, రకానికో పళ్ళెం. వివరాలు చెప్పాల్సిన గుమాస్తా కాఫీకి వెళ్ళాడట.

దూది వేలాడే కాయ ఎదురుగా ఉంటే, ఏటా పత్తి వలిచే మా చేతులు ఊరుకుంటాయా? అలా వదిలేస్తే దుబారా కాదూ? ముందు మా అత్తగారు ఓ పళ్ళెం పట్టుకుని చతికిలబడింది. "ఊరికే నిలబడతారేమే? తలోటీ పట్టండి" అంది. కబుర్లలో పడి దూదంతా వలిచి ఒళ్ళో పోసుకున్నాం.

గుమాస్తా వచ్చి చూసి గోడకు చేరగిలబడ్డాడు. "అమ్మా, రేపు మా పై అధికారి వస్తున్నారు. నా ఉద్యోగం పోయినట్టే!" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

అత్తగారు తొణకలేదు. "ఏడవకు నాయనా. ఎవరి దూది వాళ్ళ ఒళ్ళోనే ఉంది, ఎవరి డొప్పలు వాళ్ళ పళ్ళెంలోనే ఉన్నాయి. ఒసేవ్, మళ్ళీ కూరండే!" అంది.

వలవడం చిటికెలో అయింది. కూరేసరికి పొద్దు వాలింది. రెండో మ్యూజియం చూడనేలేదు. అధికారి ఏమీ కనిపెట్టలేదని తర్వాత గ్రామసేవిక చెప్పాకే మా మనసు కుదుటపడింది.

మొన్న మనవలతో మళ్ళీ ఆ పత్తి మ్యూజియానికి వెళ్తే నా వేళ్ళు మళ్ళీ లాగాయి. కానీ పళ్ళేల మీద అద్దాలు బిగించారు.

"అద్దాలెందుకు నాయనమ్మా?" అన్నాడు పెద్దాడు.

"దుమ్ము పడకుండా" అన్నాను.